పార్టీ కార్డు లేకుండా గెలిచిన ప్లీడరు: వి.ఆర్. కృష్ణయ్యర్ రాజకీయ జీవితం మీద మాట్లాడుకుందాం

బెజవాడ_బార్:
కృష్ణయ్యర్ అనగానే మనలో చాలామందికి సుప్రీంకోర్టు జడ్జి మాత్రమే గుర్తొస్తారు. ఆయన జడ్జి కాకముందు ఊళ్లో ప్లీడరు, ఆ తర్వాత ఎమ్మెల్యే, మంత్రి. అదీ ఏ పార్టీ సభ్యత్వం లేకుండా. 1952లో కూత్తుపరంబ నుంచి మద్రాసు అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా గెలిచారు, 1957లో తలశ్శేరి నుంచి కేరళ అసెంబ్లీకి గెలిచి కమ్యూనిస్టు ముఖ్యమంత్రి నంబూద్రిపాద్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 1968లో కేరళ హైకోర్టు జడ్జి, 1973లో సుప్రీంకోర్టు. 1980లో రిటైర్ అయ్యాక 1987లో మళ్లీ ఎన్నికల్లో దిగారు, ఈసారి రాష్ట్రపతి పదవికి. ఒక మనిషి కోర్టు నుంచి సభకి, సభ నుంచి బెంచికి, బెంచి నుంచి మళ్లీ ఎన్నికలకి ఇలా తిరగడం మన దేశంలో చాలా అరుదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఆయన తీర్పుల్లో మనం మెచ్చుకునే విషయాలు చాలావరకు తలశ్శేరి కోర్టులోనూ మంత్రి గదిలోనూ పుట్టినవే. ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి.

గోదారి_గట్టు:
ఇండిపెండెంట్ అనడం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది సార్. 1957లో ఆయన్ని బలపరిచింది కమ్యూనిస్టు పార్టీ, గెలిపించింది వాళ్ల ఓటు బ్యాంకు, కూర్చున్నది వాళ్ల కేబినెట్‌లో. పార్టీ కార్డు జేబులో లేనంత మాత్రాన స్వతంత్రుడు ఎలా అవుతారు?

బెజవాడ_బార్:
మంచి ప్రశ్న. అప్పటి అంకెలు చూడండి. 126 సీట్ల సభలో సీపీఐకి సొంతంగా వచ్చినవి 60. మెజారిటీకి చాలవు. వాళ్ల మద్దతుతో గెలిచిన ఐదుగురు ఇండిపెండెంట్లు కలిస్తేనే 65 అయింది. అంటే ఆ ప్రభుత్వం నిలబడింది ఈ ఐదుగురి మీద. వాళ్లకి పార్టీ ఎంత అవసరమో పార్టీకి వాళ్లూ అంతే అవసరం. చేరదలుచుకుంటే చేరడానికి అప్పుడు ఏ అడ్డూ లేదు, అయినా ఆయన చేరలేదు.

పాత_ప్లీడర్:
ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. ఇవాళైతే ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం, ఆ మాట స్పష్టంగా చెప్పింది. బయట నుంచి మద్దతిస్తే పరవాలేదు, చేరితే మాత్రం అనర్హత. 1957లో అలాంటిదేమీ లేదు, కండువా మారిస్తే అడిగేవాడు లేడు. అందుకే అప్పట్లో బయట ఉండిపోవడం ఆయన సొంత నిర్ణయమే తప్ప ఏ చట్టమో కట్టేస్తే కాదు. నేను కోర్టుకి వెళ్లడం మొదలుపెట్టిన రోజుల్లో మా సీనియర్ ఆయన తీర్పులు పైకి చదివించేవారు, ఇంగ్లీషు కష్టంగా ఉండేది, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే గానీ ముందుకి సాగేది కాదు, కానీ కష్టపడి లోపలికి వెళ్తే కక్షిదారు కనిపించేవాడు.

వైజాగ్_లా_స్టూడెంట్:
సార్, ఆయన ప్లీడరుగా ఎలాంటి కేసులు చేసేవారు? మా క్లాసులో సుప్రీంకోర్టు తీర్పులే చెప్తారు, అంతకుముందుది ఎవరూ చెప్పరు.

పాత_ప్లీడర్:
తండ్రి రామ అయ్యర్ కూడా వకీలే. ఈయన మద్రాసులో లా చదివి 1930ల చివర్లో తలశ్శేరిలో ప్రాక్టీసు పెట్టారు. తలశ్శేరి ఉన్న ఉత్తర మలబారు అంటే అప్పట్లో జన్మి దొరల రాజ్యం. భూమి వాళ్లది, సాగు కౌలుదారుది, తేడా వస్తే కౌలుదారు బయటికి. ఇంకోవైపు నేత కార్మికులు, బీడీ కార్మికులు. రైతు సంఘాల గొడవల్లో అరెస్టయిన వాళ్ల తరఫున ఈయన కోర్టులో నిలబడేవారు. ఫీజు ఇచ్చే స్థితిలో చాలామంది ఉండేవారు కాదు. 1948లో పార్టీ మీద అణచివేత జరిగినప్పుడు, కమ్యూనిస్టులకు న్యాయసహాయం చేస్తున్నారని ఈయన్నే పట్టుకెళ్లి నెల రోజుల పాటు జైల్లో పెట్టారు. పోలీసుల చిత్రహింసల మీద నోరు విప్పడమే అసలు కారణం. కక్షిదారు తరఫున మాట్లాడినందుకు వకీలుని జైలుకి పంపడం, ఆలోచించు తమ్ముడూ.

గోదారి_గట్టు:
ఇది నాకు తెలియదు. 1948 అంటే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే.

కొచ్చిన్‌లో_తెలుగమ్మాయి:
అవునండీ. నేను ఉద్యోగరీత్యా కొచ్చిలో ఉంటున్నాను. ఇక్కడ పెద్దవాళ్లు ఆయన గురించి 'స్వామి' అని మాట్లాడతారు. రిటైర్ అయ్యాక ఎర్నాకుళంలోనే స్థిరపడ్డారు, ఇంటి పేరు సద్గమయ. మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పింది రాస్తున్నాను, సమస్యతో ఎవరొచ్చినా లోపలికి పిలిచి కూర్చోబెట్టి వినేవారట, ముఖ్యమంత్రి వచ్చినా మున్సిపాలిటీ ఊడ్చే మనిషి వచ్చినా. ఈ మాట ఇక్కడ ఒక్కరు కాదు, చాలామంది చెప్తారు. 2014 డిసెంబర్ 4న చనిపోయారు, అంతకు కొన్ని రోజుల ముందే నూరో పుట్టినరోజు చేశారు.

నల్లమల_గాలి:
మన తెలుగువాళ్లకి ఇంకో లంకె కూడా ఉంది. 1952 మద్రాసు అసెంబ్లీలో ఈయన కూర్చున్న సభలోనే మన ఆంధ్ర ప్రాంతపు ఎమ్మెల్యేలు కూడా ఉన్నారు. మలబారు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో జిల్లా. 375 సీట్లలో కాంగ్రెస్‌కి 152 వచ్చాయి, మెజారిటీ రాలేదు. ప్రకాశం పంతులుగారు ప్రతిపక్షాలన్నిటినీ ఐక్య ఫ్రంటుగా కూడగట్టి మాకే బలం ఉందన్నారు. ఆయనా కోర్టులో పేరు తెచ్చుకుని రాజకీయాల్లోకి వచ్చిన బారిస్టరే. కానీ గవర్నర్ రాజాజీని పిలిచారు, ఎన్నికల్లో పోటీ చేయని మనిషిని కౌన్సిల్‌కి నామినేట్ చేసి మరీ ముఖ్యమంత్రిని చేశారు. కొత్తగా గెలిచి వచ్చిన ఒక ఇండిపెండెంట్ ప్లీడరు ఇవన్నీ ప్రతిపక్షం వైపు నుంచి చూశాడు. తర్వాత 1953 అక్టోబర్ 1న మనం విడిపోయాం, 1956లో మలబారు కేరళలో కలిసింది.

బెజవాడ_బార్:
ఈ కోణం నేను రాయలేదు, బాగా గుర్తు చేశారు. గవర్నర్ అధికారం ఎంత, ఎవరిని పిలవాలి అనే గొడవని ఆయన సభలో కూర్చుని చూశారు. 1959 జూలై 31న తాను మంత్రిగా ఉన్న ప్రభుత్వాన్నే మెజారిటీ ఉండగా రద్దు చేసి రాష్ట్రపతి పాలన పెట్టారు, అదీ చూశారు. 1974లో షంషేర్ సింగ్ కేసులో, రాష్ట్రపతి గానీ గవర్నర్ గానీ మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలి అని ఏడుగురు జడ్జీల బెంచి తేల్చినప్పుడు ఈయన విడిగా తన అభిప్రాయం రాశారు. పుస్తకంలో చదివి రాసినవాళ్లకీ, ఆ దెబ్బ తిని రాసినవాళ్లకీ తేడా ఉంటుందని నా నమ్మకం.

సికింద్రాబాద్_క్లబ్బు_రోడ్డు:
నేను ఇక్కడ అడ్డం పడతాను. అలా దెబ్బ తిన్నవాడు జడ్జి కాకూడదు అనేది నా వాదన. 1957లో మంత్రి, 1960లో పోటీ, 1965లో మళ్లీ ఇండిపెండెంట్‌గా పోటీ చేసి ఓటమి, మూడేళ్లు దాటగానే 1968లో హైకోర్టు జడ్జి. అప్పుడు రాష్ట్రంలో ముఖ్యమంత్రి ఎవరు? మళ్లీ నంబూద్రిపాదే. ఇవాళ ఒక పార్టీ మంత్రిని అదే పార్టీ ముఖ్యమంత్రి హయాంలో జడ్జిని చేస్తే మనం ఊరుకుంటామా? 1973లో సుప్రీంకోర్టుకి తెచ్చినప్పుడూ అంతే, ఆ ఏప్రిల్‌లోనే ముగ్గురు సీనియర్ జడ్జీలను పక్కనబెట్టి ఎ.ఎన్. రేని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, 'నిబద్ధత గల న్యాయవ్యవస్థ', అంటే ప్రభుత్వ విధానాలకి కట్టుబడిన జడ్జీలు కావాలి అనే మాట గాల్లో ఉంది, జూలైలో ఈయన వచ్చారు. పేరున్న న్యాయవాదులే అప్పుడు వ్యతిరేకించారు. నాకు ఆయన మీద కోపం లేదు, పద్ధతి మీద ఉంది.

పాత_ప్లీడర్:
మీరు చెప్పిన పద్ధతి సమస్య నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ఆ అనుమానానికి జవాబు 1975 జూన్‌లో దొరికింది. 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదంది. సుప్రీంకోర్టు సెలవుల్లో ఉంది, వెకేషన్ జడ్జి కృష్ణయ్యర్ ఒక్కరే. కేంద్ర న్యాయమంత్రి గోఖలే ఫోన్ చేసి కలవాలన్నారు. దేనికి అని అడిగి, అప్పీలు సంగతైతే రిజిస్ట్రీలో వేయండి, నన్ను కలవక్కర్లేదు అన్నారు. ఆయనే తర్వాత చెప్పిన విషయం ఇది. ప్రధాని తరఫున పాల్కీవాలా, ఆ ఎన్నిక మీద కేసు వేసిన రాజ్ నారాయణ్ తరఫున శాంతిభూషణ్. 24న ఇచ్చిన ఆర్డరు: ప్రధానిగా కొనసాగవచ్చు, సభలో మాట్లాడవచ్చు, కానీ ఎంపీగా ఓటు వేయకూడదు, జీతం తీసుకోకూడదు. పూర్తి స్టే అడిగితే షరతులు పెట్టి ఇచ్చారు. 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. తనను ఆ కుర్చీలోకి తెచ్చిన ప్రభుత్వమే అడిగినా కోరినంతా ఇవ్వలేదు కదా.

సికింద్రాబాద్_క్లబ్బు_రోడ్డు:
ప్రధానిగా ఉండనిచ్చారు కదా, అసలు కావలసింది అదే. ఆయన మొత్తం స్టే నిరాకరించి ఉంటే రాజీనామా తప్పేది కాదని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

పాత_ప్లీడర్:
ఎన్నికల అప్పీళ్లలో అలాంటి షరతుల స్టే అప్పటికే ఆనవాయితీ. ప్రధాని అని ఎక్కువ ఇవ్వలేదు, ప్రధాని అని తక్కువా ఇవ్వలేదు. మామూలు ఎంపీకి ఏమిస్తారో అదే ఇచ్చారు. ఇందులో ఎక్కువ తక్కువలు వెతకడానికి నాకు మనసొప్పదు.

వైజాగ్_లా_స్టూడెంట్:
ఎన్నికల కేసులు అంటే గుర్తొచ్చింది, ఆయనకి సొంతంగా కూడా ఒక ఎన్నికల పిటిషన్ ఉందని విన్నాను, నిజమేనా?

బెజవాడ_బార్:
నిజమే. 1960లో తలశ్శేరిలో ఆయన కొద్దిపాటి ఓట్ల తేడాతో ఓడిపోయినట్టు ప్రకటించారు. కాంగ్రెస్ అభ్యర్థి సభలో కూర్చున్నారు. ఈయన పిటిషన్ వేశారు. అప్పట్లో ఎన్నికల పిటిషన్లు హైకోర్టుకి కాదు, ట్రిబ్యునల్‌కి వెళ్లేవి, ఆ పద్ధతి 1966 దాకా ఉంది. కేసు నడిచి నడిచి 1961లో ఈయన గెలిచినట్టు తేలింది. అంటే జనం ఓటుతో పాటు కోర్టు తీర్పుతో కూడా ఎమ్మెల్యే అయిన మనిషి. ఒక్కో ఓటు లెక్క కోసం ఏడాదికి పైగా కోర్టు చుట్టూ తిరిగినవాడి ముందుకే పద్నాలుగేళ్ల తర్వాత దేశంలోకెల్లా పెద్ద ఎన్నికల కేసు వచ్చింది.

గోదారి_గట్టు:
మా రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు గారిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. మద్రాసులో వకీలు, 1954లో ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి, 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 1967 ఫిబ్రవరిలో ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు, ఏప్రిల్‌లో రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ. జాకీర్ హుస్సేన్‌కి 4,71,244 విలువ ఓట్లు, ఈయనకి 3,63,971. ఓడినా గట్టి పోటీ. కృష్ణయ్యర్‌కి 1987లో వచ్చింది 2,81,550, వెంకట్రామన్‌కి 7,40,148.

నల్లమల_గాలి:
ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆసక్తిగా ఉంటుంది. సుబ్బారావుగారు ప్రాథమిక హక్కులను, అందులో ఆస్తి హక్కునూ, పార్లమెంటు ముట్టుకోకూడదన్నారు. కృష్ణయ్యర్ జీవితమంతా భూమి లేనివాడి వైపు. ఇద్దరూ ప్రభుత్వంతో తలపడ్డారు, చెరో దిక్కు నుంచి. నాకైతే సుబ్బారావుగారి విషయంలో ఒక ఇబ్బంది ఉంది, ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి లేచి నేరుగా నామినేషన్ వేయడం. కృష్ణయ్యర్ రిటైరై ఏడేళ్లు ఆగాక నిలబడ్డారు. అదీ గెలవనని తెలిసి.

గోదారి_గట్టు:
సుబ్బారావుగారి మీద ఆ విమర్శ అప్పుడూ వచ్చింది. కానీ పదవిలో ఉండగా పైకి ఒకటి లోపల ఒకటి నడపలేదు, రాజీనామా చేసే దిగారు. మా ఊళ్లో ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగా చెప్తాం.

అదిలాబాద్_బిడ్డ:
అందరు మంచిగ రాస్తున్నరు గని మా దిక్కు మాట ఒకటి చెప్పాలె. భూమయ్య, కిష్టాగౌడ్. మా జిల్లా రైతు బిడ్డలు, భూస్వామి హత్య కేసుల ఉరిశిక్ష పడ్డది. 1975ల వాళ్ల పిటిషన్ సుప్రీంకోర్టుకు పోయింది, తీర్పు రాసింది ఈ కృష్ణయ్యరే. క్షమాభిక్ష రాష్ట్రపతి అధికారం, అందుల కోర్టు జొరబడదు అని కొట్టేసిండ్రు. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్ల ఇద్దరినీ ఉరి తీసిండ్రు. ఎమర్జెన్సీ నడుస్తున్నది. ఉరిశిక్ష వద్దని జీవితమంతా చెప్పిన మనిషి, రైతుల కోసం 1948ల జైలుకు పోయిన మనిషి, ఆ రోజు ఆపలేకపోయిండు. మా తాత ముచ్చట చెప్పేటప్పుడు ఆయన పేరు కోపంతోనే తీసేవాడు.

పాత_ప్లీడర్:
అన్నా, ఈ మాట రావాల్సిందే. ఆ తీర్పు నేను చదివాను. కొట్టేస్తూనే, ఉరిశిక్ష మీద కాలం మారుతోంది, కొత్తగా అర్జీ పెట్టుకుంటే రాష్ట్రపతి మళ్లీ పరిశీలించవచ్చు అన్న అర్థంలో రాశారు. దాని వల్ల ఆ ఇద్దరికీ ఒరిగిందేమీ లేదు. 1974లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక స్త్రీ కేసులో ఆమె వయసు, ఆడమనిషి, చిన్న పిల్లాడి తల్లి, అన్నీ చూసి ఉరిని యావజ్జీవంగా మార్చింది ఈయనే. ఇక్కడ అప్పీలు దశ దాటిపోయింది, చేతిలో ఉన్నది క్షమాభిక్ష ప్రశ్న ఒక్కటే. చట్టపరంగా అంతే జరుగుతుంది. మీ తాతగారి కోపం తప్పని మాత్రం నేను అనలేను.

అదిలాబాద్_బిడ్డ:
చట్టం నాకూ తెల్వదు గాదు సార్. రాజకీయాల నుంచి వచ్చిన జడ్జి కాబట్టే పేదోని బాధ అర్థమైంది అని పైన రాసిండ్రు. గట్లయితే ఇక్కడ కూడ అర్థం కావాలె గద. నేను అనేది గంతే.

కొచ్చిన్‌లో_తెలుగమ్మాయి:
ఈ బాధ అర్థమైంది. ఇక్కడా ఆయన్ని విమర్శించేవాళ్లు ఉన్నారు, వేరే కారణాలతో. 2002 గుజరాత్ అల్లర్ల మీద పౌరుల ట్రిబ్యునల్‌లో పి.బి. సావంత్, హోస్బెట్ సురేశ్‌లతో పాటు కూర్చుని ప్రభుత్వాన్ని తీవ్రంగా తప్పుబట్టారు, 2013లో అదే మోదీని మెచ్చుకుంటూ లేఖ రాశారు. వామపక్షాల వాళ్లకి చాలా కష్టం కలిగింది. ఆయన ఎవరికీ పూర్తిగా సొంతం కాలేదు.

బెజవాడ_బార్:
అదిలాబాద్ అన్న అన్నదానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు, ఉందని నటించను. కానీ రాజకీయం నేర్పింది ఏమీ లేదని మాత్రం ఒప్పుకోను. మంత్రిగా ఆయన చూసిన శాఖల్లో జైళ్లు ఒకటి. ఖైదీగా లోపల ఉన్నారు, మంత్రిగా బయట నుంచి చూశారు. తిహార్ జైలు నుంచి ఒక ఖైదీ పక్క ఖైదీని వార్డరు హింసించాడని జడ్జికి ఉత్తరం రాస్తే దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. సునీల్ బాత్రా కేసు అది. స్టాంపు లేదు, వకాలత్ లేదు, ఉత్తరం ఒక్కటే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1978 నాటి ఒక బెయిల్ కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిల్ ఇమ్మంది. కింద మేజిస్ట్రేటు పదివేలకి జామీను అడిగాడు. 1978లో పదివేలు, ఒక మేస్త్రీకి! సరే తమ్ముడు జామీనుగా వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉంది కాబట్టి కుదరదన్నాడు. కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగిన ప్రశ్న చూడండి, ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో ఆంధ్రుడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పహల్గామ్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారు వాడికి ఎక్కడ దొరుకుతాడు? మేస్త్రీని వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఊళ్లు దాటి కూలికి పోయేవాళ్ల తరఫున కింది కోర్టులో నిలబడిన వకీలుకే ఆ ప్రశ్న తడుతుంది. మా బార్‌లో ఇప్పటికీ ఒడిశా నుంచి ఇటుక బట్టీలకి వచ్చినవాళ్లు ఏదైనా కేసులో ఇరుక్కుంటే స్థానిక జామీను దగ్గరే ఆగిపోతారు, బెయిల్ ఆర్డరు చేతిలో ఉంటుంది, మనిషి సబ్‌జైల్లో ఉంటాడు. మొన్న ఒక కుర్రాడికి అలాగే అయింది, ఆ తీర్పు కాపీ పెట్టి వాదిస్తే సొంత బాండు మీద వదిలారు. వాళ్లమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుని ఆ కాగితాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియక రెండు చేతుల్తో పట్టుకుంది.

నల్లమల_గాలి:
రత్లాం కేసు కూడా ఇదే వరస. 1980. వీధిలో మురుగు పారుతోంది, మరుగుదొడ్లు లేవు, జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు, మున్సిపాలిటీ డబ్బుల్లేవు అంది. డబ్బు లేదనే సాకు చెల్లదు, కాలువలు కట్టాల్సిందే అని గడువు పెట్టారు. మంత్రిగా ఫైళ్లు చూసినవాడు కాబట్టి 'నిధుల కొరత' అనే మాట ఎలా వాడతారో ఆయనకి బాగా తెలుసు.

వైజాగ్_లా_స్టూడెంట్:
ఒక సందేహం. ఇవాళ ఒక లాయర్ ఇలా ఇండిపెండెంట్‌గా గెలవడం సాధ్యమా? కపిల్ సిబల్ గారు ఉన్నారు కానీ అది రాజ్యసభ.

పాత_ప్లీడర్:
సిబల్ 2022లో కాంగ్రెస్ వదిలి సమాజ్‌వాదీ మద్దతుతో ఇండిపెండెంట్‌గా రాజ్యసభకి వెళ్లారు, అక్కడ ఓటర్లు ఎమ్మెల్యేలు. జనంలోకి వెళ్లిన పెద్ద లాయర్ల అనుభవం వేరు, రామ్ జెఠ్మలానీ 2004లో లక్నోలో వాజ్‌పేయి మీద ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడిపోయారు. నియమాలు కష్టమైనవి కావు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కి ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకం పెట్టాలి. డిపాజిట్ అసెంబ్లీకి 10,000, లోక్‌సభకి 25,000, ఎస్సీ ఎస్టీలకి సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోతుంది. గుర్తు చివర్లో ఇస్తారు, జనంలోకి తీసుకెళ్లడానికి రెండు వారాలు కూడా ఉండదు. అసలు కష్టం ఇవేవీ కాదు. కృష్ణయ్యర్ 1952లో నిలబడేసరికి ఆ ప్రాంతంలో ఆయన కోర్టులో నిలబడి పదేళ్లు దాటింది, ఓటరుకి ఆయన పరిచయం అక్కర్లేదు. నువ్వు అడగాల్సింది నామినేషన్ గురించి కాదు తమ్ముడూ, ఏ ఊళ్లో ప్రాక్టీసు పెడతావు, ఎవరి కేసులు తీసుకుంటావు అని.

సికింద్రాబాద్_క్లబ్బు_రోడ్డు:
దీంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అలాగే, గెలిచాక మళ్లీ జడ్జి కావద్దు అని కూడా చెప్పండి. నా మాట మీద నేను ఉన్నాను.

వైజాగ్_లా_స్టూడెంట్:
థాంక్స్ సార్. మాది పాడేరు వైపు, అక్కడే పెట్టాలని ఉంది, ఇంట్లో మాత్రం హైకోర్టు అంటున్నారు. ముందు ఏ తీర్పులు చదవమంటారు?

పాత_ప్లీడర్:
తాపీమేస్త్రీ బెయిల్ కేసు, తర్వాత రత్లాం, తర్వాత 1975 జూన్ 24 ఆర్డరు. ఇంగ్లీషుకి భయపడకు, రెండోసారి చదివితే తేలికవుతుంది. పాడేరులో పెడితే నాకు చెప్పు, మా జూనియర్ ఒకరు ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

అదిలాబాద్_బిడ్డ:
తమ్ముడూ, భూమయ్య కిష్టాగౌడ్ తీర్పు కూడ చదువు. అది ఇడిసిపెట్టి మిగతావి చదివితే మనిషి సగమే కనవడతడు.

వైజాగ్_లా_స్టూడెంట్:
తప్పకుండా అన్నా. ఇవాళే అదే మొదలుపెడతాను.